పది తిప్పులు

నా చిన్నప్పుడు మా వాడలో మెల్లగా మాట్లాడేవాళ్లు రెండు రకాలే. ఒకరు ఒంట్లో ఓపిక లేనివాళ్లు, ఇంకొకరు పోలీసులకు భయపడేవాళ్లు. మిగిలిన అందరం అరిచేవాళ్లం. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటారు. అవి పొద్దున్నే మొదలుపెట్టే టకటకల మీద ఒక మనిషి మాట ఇంకో మనిషికి చేరాలంటే గొంతు చించుకోవాల్సిందే. మా అమ్మ నన్ను ముద్దు చేస్తుంటే వెనక వీధివాళ్లు కొడుతోందనుకుని జాలిపడేవారు. కొడుతున్నప్పుడు ముద్దు చేస్తోందనుకుని ఊరుకునేవారు. నష్టం ఎప్పుడూ నాదే.

మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఒకటే. ఆ పక్కింటి అక్క అప్పుడు తొమ్మిదో తరగతి, నేను ఏడు. వాళ్లమ్మ రాట్నం మీద కండెలు చుట్టేది. కండె అంటే సాంచెలో పెట్టే చిన్న పుల్ల, దానికి నూలు చుట్టి ఇవ్వాలి. ఏళ్ల తరబడి చక్రం తిప్పి తిప్పి ఆమె మణికట్లు వాచి, చివరికి అన్నం కలుపుకోవడానికి కూడా చేతులు పనికిరాకుండా పోయాయి. ఆ ఎండాకాలం నుంచి రాట్నం ముందు అక్క కూర్చుంది. బడికి ముందు కొన్ని గంటలు, బడి తర్వాత కొన్ని గంటలు. అదీ చాలక బడే మానిపించాలని వాళ్ల బాపు అనుకున్నాడు.

మా ఇంగ్లీషు సార్ కోరుట్ల మనిషి. ఒక గదిలో ఒక్కడే ఉండేవాడు. అక్కను బడి మానిపించొద్దని చెప్పడానికి వాళ్లింటికి రెండుసార్లు వచ్చాడు. మూడోసారి ఒక కాగితంతో వచ్చాడు. జగిత్యాలలో చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి ఇంగ్లీషు స్పెల్లింగుల పోటీ పెడుతున్నారట. గెలిచిన పిల్లకు కప్పుతో పాటు పదో తరగతి దాకా హాస్టలు, పుస్తకాలు, బట్టలు అన్నీ వాళ్లే చూస్తారట. అక్క వాళ్ల బాపు కాగితాన్ని తిరగేసి, వెనక ఏమీ లేదని రూఢి చేసుకుని అన్నాడు. "కప్పు తెస్తే పంపుత సారూ. తేకపోతే రేపటిసంది బడి ముచ్చట నా ముంగట తియ్యొద్దు."

ఒక్కో బడి నుంచి ఇద్దరు పోవాలి. రెండో మనిషిని నేను. నా ప్రతిభ చూసి ఎంపిక చేశారని ఎవరైనా పొరపాటు పడకూడదు. అసలు పోవాల్సిన పిల్లకు కామెర్లయ్యాయి.

అక్కకు చదువుకోవడానికి విడిగా సమయం లేదు గనుక రాట్నం ముందే చదివేది. సార్ ఇచ్చిన మాటల చిట్టా పట్టుకుని నేను ఎదురుగా కూర్చునేదాన్ని. సాంచెల చప్పుడు మీద మాట అరిచేదాన్ని. ఆమె కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల మధ్య నూలు జార్చుతూ, తిప్పుకో అక్షరం అరిచేది. నూలు తెగితే మాట కూడా తెగేది. ముడి వేసి మళ్లీ మొదటి అక్షరం నుంచి. ఇలా మూడు నెలల్లో ఆ చిట్టా అంతా ఆమె చేతిలోకి ఎక్కింది. తలలోకి ఎక్కలేదు, చేతిలోకి ఎక్కింది. ఆ తేడా అప్పుడు మాకెవరికీ తెలియదు.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ కథ నడవదు. మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు, అంతకు ముందటేడు లోపలికి పోయాడు. లోపలికి అంటే అడవిలోకి, అన్నల్లోకి. ఆ రోజుల్లో మా దిక్కు ఆ మాటకు ఇంకో అర్థం ఎవరూ అడిగేవారు కాదు. పోలీసులు రెండుసార్లు ఇంటికొచ్చారు. రెండోసారి మా నాన్నను వాకిట్లో నిలబెట్టి, చుట్టిన కండెల పెట్టెను వీధిలోకి బోర్లించారు. చిక్కుపడ్డ ఆ నూలును విడదీయడానికి రెండిళ్లవాళ్లకు రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే మాట. "బయట ఎవలడిగినా నీకు చిన్నబాపు లేడు." నా రొట్టెలో సగం లాక్కుని తిన్న మనిషి లేనే లేడనడం మొదట్లో నాకు మంచి జోకులా అనిపించింది. "మరి గా సగం రొట్టె ఎవలు తిన్నరే?" అని అడిగి మా అమ్మ చేత దెబ్బలు తిన్నాను. ఆ దెబ్బలను మాత్రం వెనక వీధివాళ్లు సరిగ్గానే పోల్చుకున్నారు.

పోటీ రోజున సార్ మమ్మల్ని పొద్దున్నే బస్సెక్కించాడు. దారిలో రెండు చోట్ల పోలీసులు బస్సు ఆపి మగవాళ్లందరినీ దింపి సోదా చేశారు. రెండు చోట్లా సార్ హెడ్మాస్టరు ఉత్తరం చూపించాడు. రెండోచోట కానిస్టేబుల్ ఉత్తరమంతా చదివి, "గెలిచి రాండ్రి" అన్నాడు. ఆ రోజు మాకు మంచి కోరింది ఆయనొక్కడే.

జగిత్యాలలో ఆ హాలు చూడగానే నాకు భయం వేసింది. పెద్దదని కాదు, నిశ్శబ్దంగా ఉందని. ముందు వరసలో ముఖ్య అతిథిగా ఒక ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. అప్పట్లో ఏ బడి వేడుకకైనా పోలీసాయనే ముఖ్య అతిథి. పిలిస్తే ఒక భయం, పిలవకపోతే ఇంకో భయం కాబట్టి అందరూ మొదటి భయాన్నే ఎంచుకునేవారు. పోటీకి ఒక నియమం ఉంది. వేదిక మీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. కొందరు పిల్లలు అరచేతిలో వేలితో రాసుకుని చెబుతున్నారట, అది కుదరదు.

నేను మొదటి రౌండులోనే పోయాను. అంబ్రెల్లా అడిగారు. ఆ గొడుగు నన్ను కాపాడలేదు. కిందికొచ్చి రెండో వరసలో ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చున్నాను.

అక్క మొదటి మాటకే హాలంతా ఉలిక్కిపడేలా అరిచింది. "ఎందుకమ్మా, మేం ఇక్కడే ఉన్నాం" అన్నాడు మాటలు అడిగే పెద్దాయన. అందరూ నవ్వారు. అక్క గొంతు తగ్గించుకుంది. గొంతు తగ్గించుకునేసరికి సగం మనిషి అయింది. అయినా రౌండు తర్వాత రౌండు నెట్టుకొచ్చింది. ఒక్కో అక్షరం బావిలోంచి బొక్కెన తోడినట్టు పైకి వచ్చేది. చివరికి వేదిక మీద ఇద్దరు మిగిలారు. అక్క, ఇంకో బడి నుంచి వచ్చిన అబ్బాయి. అతను ఒక మాట తప్పు చెప్పాడు. అక్క ఇంకొక్క మాట చెబితే కప్పు ఆమెదే.

ఆ మాట రెస్టారెంటు. మాకు తెలిసింది బస్టాండు దగ్గరి చాయ్ హోటలు. అయినా ఆ మాట చిట్టాలో ఉంది. అక్క దాన్ని వందసార్లు చుట్టింది.

అక్క నోరు తెరిచింది. ఏమీ రాలేదు. పెద్దాయన మళ్లీ చెప్పాడు. ఆమె కళ్లు హాలంతా వెతికాయి. చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నా, కుడి భుజం ఒక్కసారి కదిలి ఆగిపోయింది. నేను చూశాను. నాకు అర్థమైందని చెప్పుకుంటే అబద్ధం. నాకు తెలిసింది ఒకటే, ఎవరైనా బిగుసుకుపోతే నవ్వించడం. అందుకని కుర్చీలో కూర్చునే ఎడమచేత్తో లేని నూలు పట్టుకుని, కుడిచేత్తో లేని చక్రం తిప్పాను. నూలు చూసేటప్పుడు వాళ్లమ్మ పెట్టే మూతి కూడా పెట్టాను.

అక్క చూసింది. మొహం మెత్తబడింది. నా చేతి మీదే చూపు పెట్టి, తిప్పుకో అక్షరం చెప్పింది. పది తిప్పులు, పది అక్షరాలు. చివరి అక్షరాన్ని మా వాడలో అరిచినట్టే అరిచింది. హాలు చప్పట్లు కొట్టింది. మా సార్ సంతోషం పట్టలేక రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. ఆయన అలా ఉండడం నేను చూసింది ఆ అర నిమిషమే.

వెనక నుంచి ఇంకో బడి టీచరు లేచాడు. "గా రెండో వరస పిల్ల సైగలు జేసింది. నేను చూసిన."

వేరే కాలంలో అయితే అది పిల్లల తగాదా. ఆ కాలంలో మా జిల్లాలో సైగ అన్న మాట పోలీసు చెవిన పడితే తిరిగి రాదు. ఇన్‌స్పెక్టరు కుర్చీ నా వైపు తిప్పాడు. "ఏం సైగలమ్మా అవి?" అన్నాడు, చాలా మర్యాదగా.

"కండెలు చుడుతున్న సార్" అన్నాను.

హాలంతా నవ్వింది. నా జీవితంలో అంత పెద్ద నవ్వు నేను ఎప్పుడూ సంపాదించలేదు. అది నేను జోకుగా చెప్పలేదు.

ఆయన కూడా నవ్వి, జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "ఏ వాడ మీది? నాన్న పేరేంటి? ఇంట్లో ఎవరెవరుంటారు?"

మా నాన్న పేరు చెప్పాలి. ఆ పేరు చెబితే ఇంటిపేరు వస్తుంది, ఇంటిపేరు వెనకాల చిన్నబాపు వస్తాడు. లేని చిన్నబాపు.

అప్పుడు మా సార్ మధ్యలోకి వచ్చాడు. నాకు వీపు పెట్టి, ఇన్‌స్పెక్టరుకు నేను కనబడకుండా నిలబడ్డాడు. "నేను నేర్పిన సార్. సైగలు నేనే జెయ్యమన్న. పిల్లలకేం తెల్వదు. పేరు రాసుకుంటే నాది రాసుకోండ్రి."

ఒకే తీరుగా చెయ్యి తిప్పితే పది వేరు వేరు అక్షరాలు ఎలా తెలుస్తాయని అక్కడ ఎవరూ అడగలేదు. ఒప్పుకున్న మనిషి దొరికాక ప్రశ్నలతో ఎవరికీ పని లేదు. ఇన్‌స్పెక్టరు సార్ పేరు రాసుకున్నాడు. పెద్దాయన మాత్రం పాపం, వేదిక మీది అక్కను అడిగాడు. "నిజమేనా అమ్మా? నువ్వు సైగలు చూసే చెప్పావా?"

అక్క చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. కాదు అంటే చాలు. ఇంకో మాట అడగండి, నన్ను పరీక్షించండి అంటే చాలు. ఆమె సార్‌ను చూసింది, సార్ వెనక దాక్కున్న నన్ను చూసింది. మా రెండిళ్లకూ గోడ ఒకటే. కండెల పెట్టె బోర్లించినప్పుడు ఆ నూలు విడదీసినవాళ్లలో ఆమె కూడా ఉంది.

"అవును సార్" అంది. అక్క అంత మెల్లగా మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

కప్పు ఆ అబ్బాయి పట్టుకున్నాడు. అతని మొహం కూడా బాగాలేదు. తిరుగు బస్సులో ముగ్గురం ఒకే సీటులో కూర్చున్నాం. నేను మధ్యలో. ఏదైనా అని వాళ్లను నవ్వించాలని వేములవాడ దాకా ప్రయత్నించాను. ఒక్క మాటా దొరకలేదు.

ఇంటి ముందు సార్ "తప్పు నాది" అన్నాడు. అక్క వాళ్ల బాపు కోపం కూడా తెచ్చుకోలేదు. "తప్పు ఎవలదైతే ఏంది సారూ. కండెలు ఎవలో ఒకలు చుట్టాలె గద." అక్క అప్పటికే లోపలికి పోయింది. కాసేపటికి రాట్నం చప్పుడు వినిపించింది. కొన్నాళ్లు నేను గోడవతల నుంచి మాటలు అరిచాను. ఆమె అక్షరాలు చెప్పలేదు. చక్రం మాత్రం తిరిగేది. తర్వాత నేను కూడా మానేశాను.

సైగలు నేర్పే మాస్టారు ఎవరో తెలుసుకుందామని పోలీసులు సార్‌ను పిలిపించారు. మూడు రోజుల తర్వాత పంపారు. ఎడమకాలు సరిగా మోపలేకపోయేవాడు. ఎవరడిగినా సైకిలు మీద నుంచి పడ్డానన్నాడు. ఆయనకు సైకిలు లేదు. నెలలోపు గోదావరి దగ్గరి ఏదో ఊరికి బదిలీ చేశారు. పోయే రోజు బడి వరండాలో నన్ను ఆపి ఒకటే చెప్పాడు. "గా చివరి మాట ఆమె కరెక్టే చెప్పింది. గెలిచింది. గది నేను ఇగ ఎక్కడ చెప్పలేను. నువ్వు యాదిల పెట్టుకో."

ఇంత చేసి ఆయన కాపాడింది ఎంతంటే, రెండు నెలలు. వేరే ఎవరో చెప్పడంతో పోలీసులు మూడోసారి వచ్చారు. మా నాన్నను తీసుకుపోయి వారానికి పంపారు. మరుసటేడు చిన్నబాపు ఎన్‌కౌంటర్ వార్త పేపర్లో వచ్చింది. పేరులో ఒక అక్షరం తప్పు పడింది. మా అమ్మ ఆ ఒక్క అక్షరం పట్టుకుని, అది వేరే మనిషని చాలా ఏళ్లు నమ్మింది. మేమెవరం దిద్దలేదు.

అక్కను కోరుట్లలో ఇచ్చారు. సార్ ఊరే, కానీ సార్ అప్పటికే అక్కడ లేడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. అక్క బీడీలు చుడుతుంది. కండెల నుంచి బీడీలకు వచ్చింది, చుట్టడం మాత్రం పోలేదు. మొన్నామధ్య చూడ్డానికి పోతే, మనవరాలు పక్కన కూర్చుని ఇంగ్లీషు మాటలు వల్లె వేస్తోంది. ఒకచోట ఆగిపోయింది. అక్క చేటలోంచి తల ఎత్తకుండా ఆకు చుడుతూ, చుట్టుకో అక్షరం చెప్పేసింది. ఇప్పుడు ఆమె గొంతు ఎప్పుడూ మెల్లగానే ఉంటుంది.

"నీకెట్ల తెల్సే అమ్మమ్మా?" అని ఆ పిల్ల నోరు తెరిచింది.

సార్ నన్ను యాదిలో పెట్టుకోమన్నాడు. ఇన్నేళ్లూ పెట్టుకున్నాను. ఇక చెప్పాల్సింది ఇప్పుడేననుకుని చెప్పాను. "మీ అమ్మమ్మ జగిత్యాలల స్పెల్లింగుల పోటీ గెలిచిందే. అన్ని బడుల పిల్లలను గెలిచింది."

అక్క దారం తెంపింది. "గెలువలే బిడ్డా. గామె చిన్నప్పటిసంది గంతే. జోకులు జేస్తది."

పిల్ల పకపకా నవ్వింది. నేను ఏది జోకుగా చెప్పినా నవ్వేవాళ్లకు ఈ జన్మలో కొదవ లేదు. నిజం చెప్పింది రెండుసార్లు. రెండుసార్లూ నవ్వారు.

అలవాటు కొద్దీ నేను కూడా నవ్వాను. కొంగు కింద నా కుడిచెయ్యి మాత్రం పదిసార్లు తిరిగి ఆగింది.