ఫిల్టర్లు కడిగే ఆమె ప్రశ్న

మద్దిలపాలెంలో అచ్యుతాపురం బస్సెక్కాను. పక్క సీట్లో ఫ్యాక్టరీ యూనిఫాంలో ఉన్న ఒకామె నా ల్యాప్‌టాప్‌లోని బొమ్మ చూసి, "అదేటి బాబూ?" అంది.

అణు వ్యర్థాల్లోంచి రేడియోధార్మిక సీజియాన్ని మాత్రమే ఏరి పట్టుకునే గిన్నెలాంటి అణువును తయారుచేశామని గొప్పగా చెప్పాను.

"పట్టుకున్నాక మరి వదుల్తాదా? నేకపోతే ఆ గిన్ని కూడా చెత్తే గదా."

"అవన్నీ మీకర్థం కావులెండి," అన్నాను విసురుగా.

నిజానికి మా అణువు పట్టుకున్న సీజియాన్ని వదలడం లేదు. ఆ సంగతి నా పరిశోధన పత్రంలో రాయకుండా దాటేశాను.

"కోపం సేసుకోకు బాబూ. మా కంపెనీలో ఫిల్టర్లు కడిగేది నానే, అందుకడిగినాను," అని ఆమె దిగిపోయింది. నేను తలెత్తలేకపోయాను.

మర్నాడు ఆ వైఫల్యాన్ని పత్రంలో చేర్చాను. "మంచి ప్రశ్న వేసుకున్నావు," అని మా గైడ్ మెచ్చుకున్నారు. అది నా ప్రశ్న కాదని అప్పుడు కూడా చెప్పలేదు.