నవ్వకుండా లేచింది మా అత్త

మొన్న పాల్వంచలో షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. మా మేనత్త పోయింది. పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. మీలో చాలామంది ఆమెను ఫోన్లలో చూసే ఉంటారు. గొంతు మాత్రం విని ఉండరు.

జూలూరుపాడు దగ్గర మా ఊళ్లో ఎండాకాలం బీడీల తునికాకు కోత, మిగతా రోజులు కూలి, అదీ ఆమె బతుకు. నేను ఆమెతో తీసిన మొదటి నవ్వుల వీడియోలో మైకు చెడిపోయి మాటలు పడలేదు. పారేద్దామంటే ఒప్పుకోలేదు. "మాటలెందుకురా, మొకం లేదా నాకు?" అంది. నిజమే. ఆ మొకం చూసి బొగ్గుబావుల కాలనీల వాళ్లూ నవ్వారు, కోయ మాటే తెలిసిన గూడేల అవ్వలూ నవ్వారు. ఇక ఎన్నడూ మాట పెట్టలేదు. ఏడాది తిరిగేసరికి ఏన్కూరు సంతలో ఆమెను కూరగాయలు కొననిచ్చేవాళ్లు కారు. "అత్తా, ఒక్కపారి మూతి తిప్పవే" అని చుట్టూ మూగేవాళ్లు. చీరల దుకాణం తెరవడానికి పిలిస్తే, కత్తెర పట్టుకుని రిబ్బన్ వదిలేసి ఓనరు మీసాల వైపు చూసిందట.

గీర రాలేదని అనను. వచ్చింది. కుర్చీ వేస్తే గానీ కూర్చునేది కాదు. నాకు అన్నం పెట్టిందీ ఆమే, నలుగురిలో పేరు తెచ్చిందీ ఆమే కాబట్టి ఆ గీర కూడా నాకు ముద్దే.

ఒక్కటి మాత్రం చేయనంది, చావు సీను. చచ్చినట్టు పడుకున్నవాళ్లు సీను కాగానే అందరి ముందూ నవ్వి లేవాలని, వీధినాటకాల్లో వేషాలు కట్టిన మా తాత చెప్పాడట. "నవ్వకుంటే యముడు నిజమనుకుంటడురా" అనేది. చూసేవాళ్లకు కొత్తది కావాలని నేనే వెంటపడ్డాను. తాగుబోతు మొగుణ్ని దారికి తేవడానికి పెళ్లాం చచ్చినట్టు పడుకుని చివర్లో లేచే కథ. పాడె మీద పడుకోబోతూ, "నవ్వుడు తీస్తవ్ గదా? మర్వకు" అని రెండుసార్లు అడిగింది. "అవ్ అత్తా" అన్నాను.

ఆమె ఇంకా లేవకముందే అడవి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఫోన్ తడుస్తుందని సంచిలో పెట్టుకుని, "జల్దీ లే అత్తా!" అంటూ నేను పరుగెత్తాను. ఆమె తడుస్తూ నా వెనకే వచ్చింది. ఇంటికొచ్చాక, "నవ్వలేదురా నేను" అంది. రేపు తీద్దామన్నాను.

"రేపు నవ్వితే అది రేపటి నవ్వు" అంది.

ఆ రోజు నుంచి తిండి తగ్గింది. గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టు మాటిమాటికీ అటు చూసేది. మళ్లీ కెమెరా ముందుకు రాలేదు. నేను ఆగానా? తీసినంతవరకే పెట్టి, కింద 'మిగతాది త్వరలో' అని రాశాను. ఎన్నడూ లేనంతమంది చూశారు. పదకొండో రోజు ఆమె పోయింది. గుండె ఆగిందన్నాడు ఊరి డాక్టరు. నా తొందరే ఆమెను మింగిందేమోనని నా భయం.

ఊరు చేరేసరికి వాకిలి నిండా జనం. నాలుగు ఊళ్ల వాళ్లు వచ్చారు. ఒక్కరి కంట్లోనూ నీళ్లు లేవు.

"ఏడ్వకుర్రి, వీడియోల మిగతాది గిదే, ఇప్పుడు లేస్తది సూడుర్రి" అంటోంది ఒక ముసలామె. ఫోన్లు పైకెత్తి అందరూ అత్త మొకం వైపే చూస్తున్నారు. పాడె లేపమని కులపెద్ద మూడుసార్లు కేకేశాడు. ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు.