మొదటి మాటల పుస్తకం

నాకో జబ్బుంది. ఎవరి చేతిలో ఏ కాగితం కనిపించినా అందులో ఏముందో తెలిసేదాకా ఊరుకోలేను. కోర్టు ఎదురుగా టైపు, జిరాక్సు షాపు పెట్టుకున్నదాన్ని కాబట్టి ఆ జబ్బుకి మందు రోజూ దొరుకుతూనే ఉంటుంది. దొరకనిది ఒక్కటే, మేడమీద గదిలో బాబాయి దగ్గరున్న పొడుగాటి నోటు పుస్తకం.

బాబాయి నాకేమీ చుట్టం కాదు. ముప్ఫై నాలుగేళ్లు జడ్జిగారి ముందు బల్ల దగ్గర కూర్చుని కేసులకి తేదీలు వేసిన బెంచి గుమాస్తా. వకీళ్లంతా ఆయన్ని ‘వాయిదాల బాబాయి’ అంటారు. ఆయన లా చదవలేదు. అయినా రిటైరైన దగ్గర్నుంచి బార్ పరీక్ష రాసేవాళ్లు ఆయన మెట్లెక్కుతూనే ఉన్నారు. పట్టా లేని మనిషి పట్టాలున్నవాళ్లకి ఏం చెబుతాడా అని, కాగితాలిచ్చే నెపంతో పైకెళ్లి గుమ్మం దగ్గర నిలబడేదాన్ని.

ఆయన రిటైరైన మరుసటి ఏడాది టీచరమ్మ వచ్చింది. పదేళ్లు బడిలో పాఠాలు చెప్పి, నలభై దగ్గరపడ్డాక లా పూర్తి చేసిన మనిషి. పరీక్ష పాసయ్యేలోగా ప్రాక్టీసు చేసుకోమని ఇచ్చిన తాత్కాలిక అనుమతి రెండేళ్లే. అప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే నల్లకోటు బీరువాలో పెట్టేయాల్సిందే. “మళ్లీ బడికే పోరాదూ” అని అత్తగారు అప్పుడే మొదలుపెట్టిందట.

ఆ పరీక్షకి చట్టం పుస్తకం వెంట తీసుకెళ్లవచ్చు. చూసి రాసే పరీక్ష తప్పడమేమిటని ముక్కున వేలేసుకున్నాను. ఆమె పుస్తకం చూశాక తెలిసింది. ప్రతి పేజీకీ ఒక రంగు చీటీ. పసుపు ముఖ్యమైనవాటికి, ఎరుపు మరీ ముఖ్యమైనవాటికి, ఆకుపచ్చ ఎందుకో ఆమెకే గుర్తులేదు.

“అన్నీ ముఖ్యమేనా అమ్మా?” అంటూ బాబాయి ఒక్కో చీటీ పీకడం మొదలుపెట్టారు.

“అయ్యో బాబాయిగారూ, మూడు నెలల కష్టమండీ!”

“పరీక్షలో టైము ఎక్కడ పోతోంది నీకు?”

“ప్రశ్న చదవడానికే పోతోందండీ. సగం పేజీ కథ ఉంటుంది. అది చదివి, పుస్తకం వెతికి, మళ్లీ కథ దగ్గరికొచ్చి...”

“దావా కాగితాలు చేతికిస్తే జడ్జిగారు ముందు ఏ పేజీ తిప్పుతారు?”

“మొదటిదే కదండీ?”

“ఆఖరిది. ఏం కావాలని అడుగుతున్నారో అక్కడుంటుంది. అది తెలిశాక కథ చదివితే, అక్కర్లేనిది దానంతటదే పక్కకి పోతుంది. ఎనిమిది మంది జడ్జిల దగ్గర చేశాను. ఏడుగురిదీ అదే పద్ధతి.”

“మరి ఎనిమిదో ఆయన?” ఉండబట్టలేక గుమ్మంలోంచి అడిగేశాను.

“ఆయన కేసులు ఇంకా నడుస్తున్నాయి.”

ఆ రోజు నుంచి బాబాయి అలమర పక్కన నిలబడి, కోర్టులోలాగే కేసు నంబరు పిలిచేవారు. టీచరమ్మ కిటికీ దగ్గర కుర్చీలోంచి లేచి, ప్రశ్న కాగితంలో ఆఖరి వాక్యం చూసుకుంటూ బల్ల దాకా వచ్చి, ఏం కావాలో ఒక్క ముక్కలో చెప్పాలి. “ఈ కేసు పూర్వాపరాలు ఏమిటంటే” అని ఆమె మొదలెట్టగానే “వాయిదా!” అని వెనక్కి పంపేసేవారు. మొదటి వారమంతా నా షాపు కప్పు మీద ఆ అడుగులు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి.

ఒకరోజు ఆయన టీకి దిగినప్పుడు పైకెళ్లి ఆ పొడుగాటి నోటు పుస్తకం తెరిచాను. తప్పే, కానీ తెరిచాను. కొత్తగా వచ్చిన ప్రతి వకీలూ కోర్టులో అన్న మొదటి మాట, తేదీతో సహా రాసి ఉంది. ‘క్షమించాలి, ఫైలు మారిపోయింది.’ ఒకచోట, ‘గొంతు రాలేదు. నీళ్లిచ్చాను.’ చాలామందిది ఒకటే మాట. ఆఖరి పేజీలో, ఆయన రిటైరైన నెలలో రాసిన టీచరమ్మది కూడా అదే: ‘మా సీనియరు రాలేదు, వాయిదా ఇప్పించండి.’ దాని కింద సగం పేజీ ఖాళీ.

“చూశావుగా, ఇక అడుగు,” అన్నారు వెనక నుంచి బాబాయి.

పుస్తకం గబుక్కున మూసేశాను. అయినా అడిగాను. “ఎందుకు రాశారు ఇవన్నీ?”

“మొదటి రోజు వాళ్ల మొహాలు చూస్తే, లేచెళ్లి చెవిలో ఒక ముక్క చెప్పాలనిపించేదమ్మా. గుమాస్తా మాట్లాడకూడదు కదా. అందుకని రాసుకున్నాను.”

నాకు చాలా జాలేసింది. ఆయనకి తెలియకూడదని మొహం తిప్పుకున్నాను.

పరీక్షకి టీచరమ్మ రెండే చీటీలున్న పుస్తకంతో వెళ్లింది. పాసైంది. తర్వాత పది రోజులకి నల్లకోటుతోనే మెట్లెక్కి వచ్చింది. సీనియరు మొదటిసారి ఒక కేసు పూర్తిగా ఆమె చేతికిచ్చారట.

“ఏమన్నావు?” అన్నారు బాబాయి.

“అద్దెకున్న పెద్దాయనకి ఇంటివాళ్లు కుళాయి కట్టేశారండీ. ‘సాయంత్రంలోగా మా క్లయింటుకి నీళ్లు రావాలి’ అన్నాను. జడ్జిగారు తలెత్తి చూశారు.”

“వచ్చాయా మరి?” అన్నాను నేను.

“వచ్చాయక్కా. ఆ పెద్దాయనే ఫోన్ చేశారు.”

బాబాయి పుస్తకం తీశారు. టీచరమ్మ తన పాత మాట చదువుకుని బిక్కమొహం వేసింది.

“అది కొట్టేయండి బాబాయ్,” అన్నాను.

“రికార్డు కొట్టేయకూడదు. కింద రాయాలి.”

ఖాళీగా ఉన్న సగం పేజీలో ఆమె మాట గుండ్రటి అక్షరాలతో రాశారు. పాత అలవాటు కొద్దీ పక్కన తర్వాతి వాయిదా తేదీ వేయబోయి ఆగారు. కలం మూత పెట్టేశారు. వాయిదాల బాబాయి వాయిదా వేయకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.