చందనం పూసిన పవర్ బ్యాంక్

ఈ రోజు ఆయుధపూజ. గుడియాత్తంలో పొద్దున్నుంచీ కుండపోత వాన. మధ్యాహ్నం కరెంటు పోయింది, మూడింటికి నా ఫోను ఆగిపోయింది. వేలూరు చెప్పుల ఫ్యాక్టరీలో పూజ ముగించుకుని మా అమ్మాయి అప్పటికే బస్సెక్కింది.

పోయిన తుఫానులో ఫోను ఆగి పడ్డ అవస్థ చాలనే నేను పవర్ బ్యాంక్ కొని, నెలనెలా చార్జింగ్ పెట్టి దాచింది. వెతికితే అది పూజలో ఉంది, మా మామ కుట్టుమిషను పక్కన, బొట్టు పెట్టుకుని.

చెయ్యి వేయగానే మామ అరిచాడు. “ముట్టొద్దమ్మా! పూజలో పెట్టిన ఆయుధాన్ని రేపటిదాకా ఎత్తకూడదు. దానికీ ఈపొద్దు లీవు.”

“వానక్కూడా లీవిచ్చినావా మామా?” అని లాక్కున్నాను. వైరు దూరలేదు. వైరు పెట్టే రంధ్రం నిండా చందనం ఎండి రాయిలా బిగుసుకుపోయింది. పిన్నీసుతో ఎంత గీకినా రాలేదు.

రోడ్డు మీద నీళ్లకు బస్సు ఆగిపోతే, ఊరి బయటి నుంచి మోకాలిలోతు నీళ్లలో ఒంటరిగా నడిచి అమ్మాయి ఆరింటికి ఇల్లు చేరింది. వణుకుతూ, “ఇరవైసార్లు ఫోన్ చేసినానమ్మా” అంది.

మామ నావైపు తిరిగాడు. “బిడ్డ అన్నిసార్లు చేస్తే, ఎత్తకుండా ఏం చేస్తా ఉండావమ్మా?”

అమ్మాయి ఫోనులోంచే ఇది రాస్తున్నాను. పిన్నీసు ఇంకా నా చేతిలోనే ఉంది. ఏం జవాబు చెప్పమంటారు?