నా కొలతను కొట్టేయొద్దన్నాను

ఇది రాసిపెట్టడానికి కారణం ఇక్కడ అమెరికాలో ఉన్న మా తెలుగువాళ్ల మాటే. మోరిస్‌విల్‌లో ఏ ఇంట్లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌కి కలిసినా, వర్ణవివక్ష మాట వస్తే చాలు, "అది తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ మధ్య గొడవండీ, మనకేం సంబంధం?" అంటూ ప్లేట్లో ఇంకో గారె వేసుకుంటారు. సంబంధం ఉందని నా ఒళ్లే చెప్పింది. అది చెప్పిన రోజు ఏం జరిగిందో నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. మిగతాదంతా ఇక్కడి లైబ్రరీలో చదువుకున్నదే. మా ఆయన ఉద్యోగం వల్ల వచ్చిన డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదన్నారు గానీ చదవకూడదని ఎవరూ అనలేదు. మెదడు గురించి అక్కడి అరలో ఉన్న పుస్తకాలన్నీ, పేజీకి నాలుగుసార్లు డిక్షనరీ తిరగేస్తూ పూర్తిచేశాను. అందుకే లైబ్రరీ నోటీసు బోర్డు మీద, పరిశోధనకి మనుషులు కావాలన్న యూనివర్సిటీ వాళ్ల కాగితం చూడగానే సంగతి అర్థమైంది. తలకి వైర్ల టోపీ పెట్టి, వేళ్లకి చెమటను కొలిచే పట్టీలు చుట్టి, తెర మీద రకరకాల మనుషుల ముఖాలు చూపిస్తారు. నోటితో అందరూ సమానమే అనే మనిషి ఒంట్లో ఆ క్షణాన ఏం జరుగుతుందో కొలుస్తారు.

కాగితాన్ని లైబ్రేరియన్‌కి చూపించాను. ఆవిడ నల్లజాతి మనిషి. తల నిండా సన్నటి జడలు. నాకు కావలసిన పుస్తకాలు వేరే ఊళ్ల నుంచి తెప్పించేది ఆవిడే.

"వెళ్లు, వెళ్లు," అని నవ్వింది. "నేనూ ఒకసారి ఇలాంటిదానికి వెళ్లాను. నా జడల కింద వాళ్ల వైరు తలకి ఆనలేదు. థాంక్యూ చెప్పి పంపేశారు. మా మీద చూపే వివక్షను కొలుస్తారట, మా తలలు మాత్రం పనికిరావట!"

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. వెంటనే పేరిచ్చాను.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. జెల్, స్ప్రే లాంటివి పెట్టుకోకుండా రమ్మని ఈమెయిల్‌లో రాశారు. జెల్ నేను జన్మలో ముట్టలేదు. కొబ్బరినూనె రాసి, నున్నగా దువ్వి, జడ వేసుకుని వెళ్లాను. మంచి పని మీద వెళ్తూ ఎండు తలతో గడప దాటడం నాకు చేతకాదు.

ల్యాబ్‌లో నా తలకి టోపీ బిగించిన పరిశోధకురాలు స్క్రీన్ చూసి నుదురు చిట్లించింది. గీతలన్నీ పిచ్చిగా ఎగురుతున్నాయి.

"మేడమ్, తలకి ఏమైనా రాశారా?"

"నూనె."

"ఓ... నో ప్రాబ్లమ్. తల రికార్డ్ వదిలేద్దాం."

"మీ పట్టికలో నా నంబర్ ఎదురుగా ఏం రాస్తారు?"

"పనికిరాదు అని."

"నాలాంటి వాళ్లూ, జడల వాళ్లూ అందరూ అలా పోతే, చివరికి మీ లెక్కలో మిగిలేది ఎవరండీ?" నా ఇంగ్లిష్ ఆ రోజు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

టోపీ జిగురు కడుక్కోవడానికని గది మూల ఒక సింక్, షాంపూ సీసా ఉన్నాయి. నేను టోపీ తీయించుకుని అటు నడిచాను. రెండుసార్లు రుద్దినా జిడ్డు వదల్లేదు. మూడోసారి పరిశోధకురాలే చొక్కా చేతులు పైకి మడిచి వచ్చి రుద్దింది.

నన్ను కార్‌లో తీసుకొచ్చిన మా అమ్మాయి తలుపు దగ్గర మొహం దాచుకుంది. "అమ్మా, స్టాప్ ఇట్! ఇక్కడ తలస్నానమా? సో ఎంబరాసింగ్!"

"కుంకుడుకాయలు తేలేదని సంతోషించవే."

తల ఆరాక కొలత మొదలైంది. ముఖాలు వచ్చిపోతున్నాయి. ఒక నల్ల యువకుడి ముఖం రాగానే వేళ్లకి చెమట పట్టడం నాకే తెలిసింది. ఒకసారి షాపు పార్కింగ్‌లో అలాంటి ఒకతను ట్రాలీ తోసుకుంటూ పక్కనుంచి వెళ్తుంటే, కారులో కూర్చున్న నేను తలుపుల లాక్ బటన్ నొక్కాను. టక్కుమంది. అతను విన్నాడు. తల తిప్పలేదు. అది నొక్కిందీ ఈ వేలే.

అయ్యాక నా గీతలు చూపించమన్నాను. గీత ఏ ముఖం దగ్గర లేచిందో కింద గుర్తులున్నాయి. ఒక్కసారి కాదు, చాలాసార్లు అలాంటి ముఖాల దగ్గరే.

"ఒక్కరి రికార్డ్ చూసి ఆ మనిషి ఇలాంటిదని చెప్పలేం," అంది పరిశోధకురాలు మెల్లగా. నిజమే, నేనూ చదివాను. ఉలిక్కిపడినా, దగ్గినా గీత లేస్తుంది. కావాలంటే ఆ సాకు నాకు పుస్తకం నుంచే దొరికేది. ఇష్టం లేకపోతే రికార్డ్ వెనక్కి తీసుకోవచ్చని ఆవిడ ఒక ఫారం ఇచ్చింది.

మా అమ్మాయి చెవి దగ్గరికి వంగింది. "తీసేయమను అమ్మా. ఆయిల్ వల్ల మెషీన్ రాంగ్ చూపించింది అను. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసు కదే."

తల కడుక్కుని మరీ లెక్కలో చేరినదాన్ని. బాగుంటే ఉంచండి, బాగోకపోతే చెరిపేయండి అనడానికి అంతదూరం వెళ్లలేదు. ఉంచండి అనే గడిలో టిక్కు పెట్టి, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం చేశాను.

పేర్లు రాయడం నాకిష్టం లేదు, అయినా ఎవరి గురించో వాళ్లకే తెలుస్తుంది. పుస్తకాలు తెప్పించి పెట్టిన లైబ్రేరియన్‌కి, నా జిడ్డు తల మీద చేయి వేసిన పరిశోధకురాలికి, విసుక్కుంటూనే కారులోంచి తువ్వాలు తెచ్చిన మా అమ్మాయికి కృతజ్ఞతలు. మా ఆయనకి కూడా. ఇదంతా చదివి, "ఇది నలుగురికీ చూపిస్తావా?" అని అడిగి, చూపిస్తానంటే మారు మాట్లాడనందుకు.