తప్పిపోని కండక్టరు

జగ్గయ్యపేటలో నాకు మైకు సెట్ల షాపు ఉంది. పెళ్ళిళ్ళకీ సభలకీ సామాను అద్దెకిస్తాను. ఆటోకి మైకు కట్టి వీధి వీధీ తిరిగి చెప్పాల్సిన సంగతులుంటే, ఆ గొంతు కూడా నాదే. నీళ్ళు రాని రోజు నుంచి మనిషి పోయిన రోజు దాకా ఈ ఊరు చాలా కబుర్లు నా నోటి మీదుగానే విన్నది. అందుకే, ఒకసారి బయటికొచ్చిన మాటని దిద్దవచ్చా లేదా అన్నదాని మీద నాకు అభిప్రాయాలున్నాయి. ఎవరూ అడగకపోయినా చెబుతుంటాను.

నందిగామలో కంప్యూటర్లు పాఠం చెప్పే స్నేహితుడొకడున్నాడు. వాడు తన ఇంట్లో బీరువా పక్కన చిన్న సర్వరొకటి పెట్టి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళని అందులో చేర్చాడు. అదో రకం సోషల్ మీడియా, దానికి కంపెనీ లేదు, యజమానీ లేడు. ఇలాంటి సర్వర్లు దేశదేశాల్లో ఎవరివి వాళ్ళు నడుపుకుంటారు. నందిగామలో రాసిన పోస్టు, దాన్ని చదివేవాళ్ళున్న ప్రతి సర్వరుకీ నకలుగా వెళ్ళి అక్కడే ఉండిపోతుంది. యజమాని లేని కొట్టు ఎవరు ఊడుస్తారని అడిగాను. ఎవరి అరుగు వాళ్ళే ఊడ్చుకుంటారన్నాడు. నాకు ముచ్చటేసింది. నేనూ చేరాను, మా ఆవిడనీ చేర్పించాను.

వాడి సర్వర్లో ఒక నియమం ఉండేది. రాసిన పోస్టు మార్చడానికి వీల్లేదు. ఎందుకంటే మొదట్లో ఒక పెద్దమనిషి పొద్దున్నే మంచి బిర్యానీ ఎక్కడ దొరుకుతుందో రాశాడు. అందరూ ఎగబడి మెచ్చుకున్నారు. సాయంత్రానికి ఆ పోస్టునే మార్చి తన పార్టీకి ఓటెయ్యమన్నాడు. మెచ్చుకోళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. బిర్యానీకి తలూపిన వాళ్ళంతా పార్టీకి తలూపినట్టయింది. ఆ రోజుతో మా వాడు దిద్దుబాటు మీట తీసేశాడు.

నేను ఒప్పుకోలేదు. మనిషన్నాక తప్పు మాట్లాడడా, దిద్దుకునే దారి లేకపోతే ఎలా అని వాదించాను. మా పనిలో దానికో పద్ధతుంది. ఒకసారి పాత బజారులో ఒకాయన పోతే, అంతిమయాత్ర మధ్యాహ్నమని మైకులో చెప్పాను. తర్వాత ఆ ఇంటివాళ్ళు మర్నాటికి వాయిదా వేశారు. నేను మళ్ళీ బయల్దేరి, మర్నాడు పొద్దున అంతిమయాత్ర అని మాత్రమే చెప్పాను. సగం ఊరు ఆ ఇంట్లో రెండో మనిషి కూడా పోయారనుకుంది. ఏడుస్తూ పరిగెత్తుకొచ్చిన చుట్టాల్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. అప్పట్నుంచీ చెప్పిన వీధుల్లోనే తిరిగి, ముందు పాత మాట చెప్పి, ఆ తర్వాతే కొత్త మాట చెబుతాను. మా వాడు విని నవ్వాడు. కంప్యూటర్‌కి వీధులుండవురా అన్నాడు. ఉంటాయేమోనని నాకు అనుమానంగానే ఉండేది.

ఆ సంగతి తేలింది మా మామగారి వల్ల.

ఆయన బస్సు కండక్టరుగా రిటైరయ్యారు. జగ్గయ్యపేట నుంచి విజయవాడ రోడ్డు మీద ఉద్యోగమంతా గడిపారు. చిల్లకల్లు, నందిగామ, కంచికచర్ల అని నిద్రలో కూడా వరసగా చెప్పగలరు. మా వెనక వీధిలో ఒక్కరే ఉంటారు, భోజనం మా ఇంట్లో. రిటైరయ్యాక కూడా ఆయనకి బస్సెక్కకపోతే తోచదు. ఊరికే నందిగామ దాకా వెళ్ళి, ఒక టీ తాగి, వచ్చేస్తారు. ఎందుకండీ అంటే గాలికి అంటారు.

మొన్న ఎండాకాలం, ఒక పొద్దున గుడికెళ్తున్నానని చెప్పి బయల్దేరారు. మా ఆవిడ ఊళ్ళో గుడనుకుంది. ఆయన బస్సెక్కి వేదాద్రి గుడికి వెళ్ళారు. ఫోను ఇంట్లో చార్జింగులోనే ఉంది. భోజనాల వేళ దాటింది, మనిషి రాలేదు. ఆయన ఈ మధ్య పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతున్నారు. నేనూ మరిచిపోతూనే ఉంటాను, నన్నెవరూ పట్టించుకోరు. కూతురికి తండ్రి గురించి ఉండే భయం వేరు. ఆవిడ ఆయన ఫోటో పెట్టి, మా నాన్న తప్పిపోయారు, మతిమరుపు ఉంది, కనిపిస్తే ఆపి ఫోన్ చేయండి అని రాసింది. నేను ఆటోకి మైకు కట్టాను.

సాయంత్రం మామగారు బస్టాండులో బస్సు దిగేసరికి, ఆయన తప్పిపోయినట్టు నా గొంతు ఊరంతా చెబుతోంది. ఆయన నిలబడి ఆసాంతం విన్నారట. తర్వాత ఆటోకి చెయ్యి అడ్డం పెట్టి, ఎక్కి, నా పక్కన కూర్చున్నారు.

"నేను తప్పిపోలేదండీ అల్లుడుగారూ. వేదాద్రి వెళ్ళొచ్చా. ఈ మాట కూడా మీరే చెప్పండి."

చెప్పాను. వెళ్ళిన ప్రతి వీధికీ వెళ్ళి, ఫలానా వారు తప్పిపోయారని ఇందాక చెప్పాం, తప్పిపోలేదు, వేదాద్రి వెళ్ళొచ్చారు, ఇదుగో ఆటోలోనే ఉన్నారు అని చెప్పాను. ఆయన తల బయటపెట్టి అందరికీ నమస్కారం పెట్టారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఊళ్ళో సంగతి అక్కడితో ముగిసింది.

పోస్టు సంగతి ముగియలేదు. మా ఆవిడ అడిగిందని మా వాడు నియమం పక్కనపెట్టి దిద్దుబాటు మీట తెరిచాడు. ఆవిడ పాత మాటలన్నీ తీసేసి, నాన్న దొరికారు అని రాసింది. నందిగామ సర్వర్లో మారింది. దాని కింద మాత్రం, అయ్యో పాపం, భగవంతుడా ఎంత పని జరిగింది అన్న పాత జవాబులు అలాగే ఉన్నాయి. మనిషి దొరికినందుకు ఊరంతా ఏడుస్తున్నట్టుంది. మిగతా సర్వర్లకి మార్పు కబురు వెళ్ళింది. కొన్ని తీసుకున్నాయి, కొన్ని తీసుకోలేదు. ఒకదాన్ని నడిపే మనిషి దాన్నలా వదిలేసి ఎటో పోయాడట, ఎన్నిసార్లు రాసినా ఉలుకూ లేదు పలుకూ లేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

అక్కడి పాత పోస్టు చూసినవాళ్ళ వల్ల మామగారు మళ్ళీ మళ్ళీ దొరకడం మొదలుపెట్టారు. నందిగామ బస్టాండులో ఎవరో ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, మజ్జిగ తాగించి, మా ఆవిడకి ఫోన్ చేశారు. చిల్లకల్లులో ఒకాయన బండి మీద ఎక్కించుకుని బలవంతంగా ఇంటికి తెచ్చి దింపాడు. అంతా మంచివాళ్ళే, అదే చిక్కు. ఒకరోజు కుర్ర కండక్టరొకడు, తాతగారూ మీరు దిగకండి, మీవాళ్ళొస్తారు అని చెయ్యి పట్టుకున్నాడట. ఎంతమందికో దిగే చోటు చెప్పి దింపిన మనిషి ఆయన. ఆ రోజు నుంచి బస్టాండు వైపు వెళ్ళలేదు. మా అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే బస్సుల హారన్లు వింటుండేవారు.

నందిగామ వెళ్ళి మా వాడి మీద విరుచుకుపడ్డాను. మారిన పోస్టు చూసేవాడికి పాతదొకటి ఉండేదని తెలుస్తుందా, పాతది చూసేవాడికి కొత్తది వచ్చిందని తెలుస్తుందా అని అడిగాను. పాతవి దాచి ఉంచి, అడిగితే చూపించే ఏర్పాటు ఉంది గానీ అన్ని సర్వర్లూ చెయ్యవన్నాడు. మరి మార్చనివ్వడం మేలా, మార్చనివ్వకపోవడం మేలా? వాడు ఆలోచించి, మార్చకుండా కింద ఇంకో మాట రాసుంటే బాగుండేదేమో అన్నాడు. అదీ ఒప్పుకోలేకపోయాను. మతిమరుపు అన్న మాట ఎప్పటికీ పైన ఉండిపోదూ? సాయంత్రం దాకా వాదించుకుని, ఇద్దరం ఎదుటివాడి వైపుకి మారిపోయి లేచాం. ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇంటికొచ్చి మా ఆవిడతో, ఆ మతిమరుపు ముక్క నిజం కాదని ఇంకో పోస్టు రాయమన్నాను. మామగారు అరుగు మీదే ఉన్నారు. ఆవిడ గొంతు తగ్గించి అంది.

"తప్పిపోలేదని వందసార్లు రాస్తా. మతిమరుపు లేదని మాత్రం ఎట్టా రాయనండీ? రేపు నిజంగానే తప్పిపోతే?"

అరుగు మీంచి ఆయన దగ్గు వినిపించింది. విన్నారని మా ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ఫోను జేబులో పెట్టుకుని, కనపడేలా తట్టి చూపించి, కంచికచర్ల వెళ్తున్నానని కూతురితో చెప్పారు. ఆవిడ వద్దనలేదు, సరేనని కూడా అనలేదు. ఆయన వెళ్ళాక ఫోను చేతిలో పట్టుకుని వంటింటికీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉంది. నేను షాపు తీయకుండా అక్కడే ఉండిపోయాను.

కాసేపటికి ఆవిడ ఫోను మోగింది. ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి, ఆ పాత పోస్టు కింద జవాబు రాసింది. బస్సులో నా పక్కన కూర్చున్న తాతగారిని ఈ ఫోటో చూసి గుర్తుపట్టాను, ఇది ఆయన చెప్పి రాయించారు అని మొదలుపెట్టింది. మా ఆవిడ పైకి చదివింది.

"ఈ ఫోటోలో మనిషిని నేనే. తప్పిపోలేదు. మతిమరుపు కొంచెం ఉంది, నా కూతురు అబద్ధం రాయదు. కంచికచర్లలో దిగుతా. దిగాల్సిన చోటు నాకు గుర్తుంది. ఎవరూ ఫోన్ చెయ్యనక్కర్లేదు, తనే చదువుకుంటుంది."

రెండోసారి చదవబోయి ఆగిపోయింది. పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. దిద్దుబాటు మీట ఆవిడ వేలి కిందే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. ఆయన మాట కిందే ఇంకో మాట రాసింది. సరే నాన్నా, పప్పుచారు పెట్టా, భోజనానికి వచ్చెయ్.