బెల్లుకు బదులు లైటు

మా ఇంట్ల కంప్యూటర్ ఊకె ఆగిపోవుడు మొదలుపెట్టింది. ఆన్ చేసి పావుగంట కాకముందే తెర నల్లగైతుండె. అది దుకాణంల తయారుగ కొన్నది కాదు. పెండ్లి తెగినంక కోరుట్లల రెండర్రలు కిరాయికి తీస్కొని ఒక్కదాన్నే ఉండుడు మొదలుపెట్టిన ఏడు, ఒక్కొక్క పార్టు తెప్పించుకొని నా చేతులతోని బిగించుకున్న కంప్యూటర్ అది. పొద్దున బస్సెక్కి జగిత్యాలల ఆఫీసుకు పోవుడు, దినమంత ఎంట్రీలు కొట్టుడు, మాపటికి మళ్ల కోరుట్లకు వచ్చుడు. ఐతారం మాత్రం ఏం తోచకపోతుండె. పాత కీబోర్డుల మీటలు ఊడబీకి కడుగుడు, పనిచెయ్యని మౌసులు విప్పి లోపల ఏమున్నదో చూసుడు అట్ల అలవాటైంది.

అందుకే ఆగిపోయే జబ్బు నేనే కుదురుస్తననుకున్న. దుమ్ము దులిపిన, ర్యామ్ తీసి తుడిచి మళ్ల పెట్టిన, వైర్లన్ని ఊడదీసి బిగించిన. రెండు ఐతారాలు గడిచినయి, అది మాత్రం ఆగుతనే ఉన్నది. ఆఖరికి డబ్బా ఎత్తుకొని ఆటోల చిచ్చా దుకాణానికి పోయిన.

చిచ్చా అంటె నాకు చుట్టం కాదు. బస్టాండు దగ్గర సందుల ముప్పై ఏండ్ల సంది రేడియోలు, టీవీలు బాగుచేసే సాయబు. అరవై దాటినయి. ఇప్పుడు రేడియోలు రావు కాబట్టి మిక్సీలు, కూలర్లు, కంప్యూటర్ల పవర్ డబ్బాలు చూస్తడు. అందరు చిచ్చా అంటరు, నేను సుత గట్లనే అంట.

ఆయన వైరు పెట్టి ఆన్ చేసిండు. చేసి నా మొకం దిక్కు చూసిండు.

"గింత సప్పుడుల ఎట్ల కూసుంటున్నవ్ బిడ్డా?"

"ఏం సప్పుడు చిచ్చా?"

నేను పరాచికాలాడుతున్ననని ఆయన నవ్విండు. నేను నవ్వలేదు. మళ్ల ఆపి, మళ్ల ఆన్ చేసి, "ఇప్పుడు?" అన్నట్టు చెయ్యి తిప్పిండు. నాకు ఏం ఇనబడలె. ఆయన నా చెయ్యి పట్టుకొని డబ్బా మీద పెట్టిండు. రేకు మొత్తం గజగజ వణుకుతున్నది. పవర్ డబ్బా లోపలి ఫ్యాన్ అరిగిపోయి రాసుకుంటున్నదట, అందుకే వేడెక్కి ఆగిపోతున్నదట. "పక్క దుకాణమోడు సుత లేచి చూస్తుండు," అన్నడు. నిజంగనే పక్క దుకాణమాయన గడపల నిలబడి మా దిక్కే చూస్తుండె.

ఆ వారమే జగిత్యాలల చెవుల డాక్టరు దగ్గరికి పోయిన. ఒక చిన్న అర్రల కూసుండబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, సప్పుడు ఇనబడ్డప్పుడల్ల బటన్ నొక్కుమన్నరు. నేను బటన్ పట్టుకొని కూసున్న. ఒకటి రెండుసార్లు నొక్కిన, తర్వాత చాలసేపు ఏం రాలేదు. మిషన్ ఆగిందేమో అనుకున్న. అంతల పరీక్ష చేసే పిల్ల తలుపు తీసుకొని వచ్చి హెడ్‌ఫోన్లు తీసేసింది. పరీక్ష అయిపోయిందట.

డాక్టరు కాగితం మీద రాసి చూపెట్టిండు. రెండు చెవుల నరాలు బలహీనమైనయి, ముందుముందు ఇంకింత తగ్గుతది, చెవి మిషన్ పెట్టుకుంటె కొంత నయం. మిషన్ పెట్టుకున్న. దాంతోని మనుషుల మాటల కంటె బస్సు ఇంజను ఎక్కువ ఇనబడుతది. ఆఫీసుల కొంచెం పనికొచ్చింది, ఇంటికి రాంగనే తీసి పెట్టేస్తుంటి. ఎవ్వరికి చెప్పలె. జుట్టు చెవుల మీదికి దువ్వుకున్న.

సిరిసిల్లల నాకు ఒక చెల్లె ఉన్నది. మా ఇద్దరి మధ్యల నాలుగేండ్ల తేడ. మరిదికి ఇంటి పక్కనే షెడ్డుల ఆరు మరమగ్గాలున్నయి. చెల్లె వారానికొకసారి ఫోన్ చేసేది. ఫోన్ల ఆమె మాట నాకు ముద్దముద్దగ వచ్చేది. "ఆఁ, సరే, మంచిగనే ఉన్న," అని పెట్టేసేదాన్ని. ఒక్కోసారి ఆమె ఏదో అడిగితె దానికి సుత "మంచిగనే ఉన్న" అన్ననట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అక్కకు నాతోని మాట్లాడ బుద్ధయితలేదు అని ఆమె మనసుల పడ్డది.

ఒక ఐతారం పగటిపూట నేను ముందర్రల కుర్చీల కూసొని కీబోర్డు విప్పుకుంటున్న. మూడింటికి లేచి బట్టలు తీద్దమని తలుపు తెరిస్తె, కిటికీ ఊచల నడుమ ఒక పెండ్లిపత్రిక లెక్కటి కవరు, దాంట్ల పసుపుకుంకుమ పొట్లం ఉన్నయి. చెల్లె బిడ్డకు చీర కట్టిచ్చే ఫంక్షన్ పత్రిక. మా దిక్కు గసొంటి ఫంక్షన్‌కు ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలుస్తరు, అందులో పెద్దక్కను అందరికంటె ముందు పిలుస్తరు. చెల్లె, మరిది బండి మీద సిరిసిల్ల నుంచి కోరుట్ల దాంక వచ్చి, బెల్లు కొట్టి, తలుపు కొట్టి, గడప ముందట నిలబడి పోయిండ్రన్నట్టు. కిటికీ పరదా సందుల నుంచి నేను కూసున్నది వాళ్లకు కనబడే ఉంటది.

వెంటనే ఫోన్ చేసిన. ఆమె ఎత్తింది. చాలసేపు మాట్లాడింది. నాకు ఒక్క ముక్క తెలువలె. "చెల్లె, నేను ఇంట్లనే ఉన్న, గని..." అనేసరికి ఫోన్ పెట్టేసింది.

ఫంక్షన్‌కు పోయిన. డీజే పెట్టిండ్రు. నేల అదురుతుంటె పాదాలకు తెలుస్తుండె, మిషన్ తీసి సంచిల వేసుకున్న. చెల్లె వరుసగ అందరికి బొట్టు పెట్టుకుంట వచ్చి, నాకు పెట్టేటప్పుడు నా నొసలు చూసింది గని కండ్లు చూడలె. పెట్టి ఏదో అన్నది. నేను తల ఊపిన. ఆమె ఏమన్నదో నాకు ఇప్పటికి తెల్వది. ఆ తల ఊపుడు తోని ఆమె మొకం ఇంకింత మాడింది. అన్నం తిని బస్సెక్కిన.

ఇంటికొచ్చినంక వారం దినాలు గోడకున్న ఆ బెల్లును చూసుకుంట కూసున్న. బెల్లు కొడితె లైటు వెలగాలె. వంటింట్ల ఒకటి, మంచం దగ్గర ఒకటి, కంప్యూటర్ బల్ల మీద ఒకటి. ఎక్కడ కూసున్నా కండ్లకు తగలాలె. అరచేతిల పట్టే చిన్న బోర్డు ఉంటది, దాంట్ల మనం ఏం రాసి ఎక్కిస్తె అది చేస్తది. దానికి రిలే కలిపితె గోడ కరెంటు లైటును వెలిగిస్తది, ఆర్పుతది. రిలే అంటె బోర్డు చెప్పినట్టు ఇనే స్విచ్చు. వీడియోల కింద అక్షరాలు పెట్టుకొని ఇవన్ని నేర్చుకున్న. సామాను ఆన్‌లైన్ల తెప్పించిన.

అది రాలేదు. తెచ్చినాయన బెల్లు కొట్టిండు, ఫోన్ చేసిండు, ఎవ్వరు పలుకుతలేరని వాపస్ తీస్కపోయిండు. రెండోసారి చిచ్చా దుకాణం అడ్రసు ఇచ్చిన. అప్పుడే చిచ్చాకు నా చెవుల సంగతి నోరు విప్పి చెప్పిన. ఆయనకు ఎప్పుడో తెలుసు. నాతోని మాట్లాడేటప్పుడు మొకం నా దిక్కు తిప్పి, పెదవులు కనబడేటట్టు మెల్లగ మాట్లాడుడు అప్పటికే మొదలుపెట్టిండు.

"గీ కొత్త బోర్డులు నాకు తెల్వయి బిడ్డా. గోడ వైరింగు మాత్రం నువ్వు ముట్టద్దు, అది నేను చేస్త," అన్నడు.

బోర్డుల రాసుడు నా పని, వైర్లు ఆయన పని. మొదటిసారి అంత తిరగబడ్డది. మూడు లైట్లు వెలిగే ఉంటున్నయి, బటన్ నొక్కితె ఆరిపోతున్నయి. రిలే ఉల్టా సైడు కలిపినం. అది సరిచేస్తె ఇంకోటి. బటన్ నొక్కితె మంచం దగ్గరి లైటు ఒక్కటి వెలుగలె. చిచ్చా ఆ లైటు రిలేను చెవి దగ్గర పెట్టుకొని, "టిక్కుమంటున్నది, రిలే మంచిగనే ఉన్నది," అన్నడు. నాకు ఆ టిక్కు ఎట్ల తెలువాలె. గోడ కరెంటు వైర్లు తీసేసి వేలు దాని నెత్తి మీద పెట్టి చూడుమన్నడు. పెట్టిన. నొక్కినప్పుడల్ల గోరు కింద చీమ కుట్టినట్టు చిన్నగ తగులుతున్నది. బల్బు పట్టుకునే హోల్డరు లూజున్నదని అట్ల దొరికింది.

అన్ని బిగించినంక చిచ్చా బయటికి పోయి బెల్లు నొక్కిండు. మూడర్రలు లేవు గని ఉన్న రెండర్రలల మూడు లైట్లు ఒక్కసారే వెలిగి ఆరి, మళ్ల వెలిగినయి. తలుపు తీసిన. గడపల ఆయన నిలబడి ఉన్నడు. "కౌన్ హై అని అడగకుండనే తీసినవ్," అన్నడు. ఛాయ్ పెట్టిన. తాగి పోయిండు.

అది నడిచింది. తర్వాత కుక్కర్ విజిల్‌కు సుత లైటు వెలగాలని సప్పుడు పట్టే సెన్సర్ ఒకటి కలిపిన. అదే నన్ను తిప్పలు పెట్టింది. కుక్కర్ పొయ్యి మీద లేకున్నా లైటు మిణుకుమంటుండె. ఒక ఐతారం పొద్దంత దాని ముందటనే కూసున్న. లైటు వెలుగుతది, ఆగుతది. ఏం సప్పుడైందో నాకు తెల్వది, లైటుకు తెలుసు. లేచి కిటికీల నుంచి చూస్తె ఒకసారి ట్రాక్టర్ పోతున్నది. ఒకసారి పక్కింటోళ్ల పిల్ల గిన్నె కింద పడేసుకున్నది. చాలసార్లు ఏం కనబడలె. చుట్టు గిన్ని సప్పుళ్లయితున్నయని ఆ దినమే లెక్కకచ్చింది. సెన్సర్ మీద గోరంత స్క్రూ ఉంటది, అది తిప్పితె చిన్న సప్పుళ్లను విడిచిపెడుతది. కొంచెం కొంచెం తిప్పుకుంట పోయిన. ఆఖరికి కుక్కర్ ఒక్కటే మిగిలింది.

బెల్లు లైటు మాత్రం అసలే వెలుగకపోతుండె. మొదట్ల అది చెడిపోయిందనుకొని బయటికి పోయి నేనే నొక్కి, తలుపు సందుల నుంచి లోపలికి చూసేదాన్ని. మంచిగనే వెలిగేది. గ్యాస్ బండ తెచ్చినాయన నొక్కిండు, కరెంటు మీటర్ చూసేటాయన నొక్కిండు, పక్కింటామె ఒకసారి కరివేపాకు కోసం నొక్కింది. అంతకంటె ఎవ్వరు లేరు. అంతకు ముందు ఎంతమంది కొట్టి పోయిండ్రో అని రంది పడుకుంట ఉన్ననా, కొట్టెటోళ్లు గింతమందే అని లైటు పెట్టుకున్నంక తెలిసింది.

చెల్లె దగ్గరికి నేనే పోవాలె అనుకొని ఒక సెలవు దినం సిరిసిల్ల బస్సెక్కిన. ఇంట్ల ఎవ్వరు లేరు, షెడ్డుల ఉన్నరు. ఆరు మగ్గాలు ఆడుతున్నయి. నేల, గోడ, దర్వాజా అన్ని అదురుతున్నయి. చెల్లె ఒక మూలకు కూసొని మగ్గాలకు నూలు కండెలు చుడుతున్నది. నన్ను చూసి లేవలె. దగ్గరికి పోయి నిలబడ్డ. బస్సుల అనుకున్న మాటలన్ని మర్చిపోయిన.

"చెల్లె, నాకు చెవులు ఇనబడుతలేవు," అన్న.

మగ్గాల మోతల నేను అన్నది ఆమెకు ఇనబడ్డదో లేదో. ఆమె నా పెదవులే చూస్తున్నది. కండె చేతిలనే ఆగింది.

"ఎప్పటిసంది?" అన్నది. గొంతు తియ్యలె. పెదవులతోనే అన్నది, చెయ్యి ఇట్ల తిప్పింది. నాకు మొత్తం అర్థమైంది.

"యాడాది దాటింది."

"నేను వచ్చిన దినం ఇంట్లనే ఉన్నవా?"

"కుర్చీల కూసున్న. తెలువలె."

"ఫోన్లల?"

"సగం తెలువకపోయేది."

ఆ షెడ్డుల అందరు అట్లనే మాట్లాడుకుంటరు. మగ్గం కాడి పనోళ్లు ఈ కొస నుంచి ఆ కొసకు చేతులతోని, పెదవులతోని ఛాయ్ కావాలని, పోగు తెగిందని చెప్పుకుంటున్నరు. అక్కడ ఎవ్వరికి చెవులతోని పని లేదు. ఏడాదిల మొదటిసారి ఒక మనిషి మాట్లాడింది నాకు ముక్క పోకుండ అందింది.

చెల్లె కండ్ల నీళ్లు పెట్టలె. "ముందుగాల నాకు చెప్పకపోతివి," అన్నది. "గా దినం ఇంటికొచ్చి నేను అన్నం తినలె." ఇంక ఏమన్న అంటదేమోనని చూసిన. ఆమె తల వంచుకొని మళ్ల కండె చుట్టుడు సురు చేసింది. నేను పక్కన పీట మీద కూసున్న. పగటన్నం కలిసే తిన్నం. ఇంట్లకు వచ్చినంక ఆమె మామూలుగ మాట్లాడింది, నాకు మళ్ల సగం అందింది, సగం పోయింది.

లైట్ల సంగతి మరిదికి చెప్పిన. ఆయన అన్నం కాడనే, "వదినె, మాకు సుత ఒకటి కావాలె. నూలు తెచ్చే బండాయన గేటు కాడ మొత్తుకొని మొత్తుకొని పోతడు, లోపల మాకు ఎవ్వరికి ఇనబడదు," అన్నడు. రెండు ఐతారాలు పోయి షెడ్డుల పెద్ద లైటు పెట్టిన. దూది పీచు పోయి రిలేల చిక్కుతదని బోర్డును మూత గట్టిగున్న టిఫిన్ డబ్బాల పెట్టి, వైర్లు పోయే తొర్రను మైనంతోని మూసిన. ఇప్పటికి నడుస్తున్నదట.

చెల్లె ఇప్పుడు ఫోన్ చెయ్యది, మెసేజ్ పెడుతది. "తిన్నవా" అంటది, "తిన్న" అంట. కొన్ని వారాలు అది సుత ఉండదు. మునుపు ఫోన్ల అర్ధగంట మాట్లాడుకునెటోళ్లం. రాసుకుంటె రెండు మాటలల అయిపోతున్నది, ఇద్దరికి రాసుడు అలవాటు లేదు. అప్పుడప్పుడు పోత. ఇంట్ల కంటె షెడ్డుల కూసునుడే నాకు ఇష్టం.

ఆఫీసుల సుత చెప్పేసిన. జనం వచ్చే కిటికీ కాడి నుంచి తీసి నన్ను వెనుక రికార్డుల అర్రల వేసిండ్రు. పాత ఫైళ్లు చూసి కంప్యూటర్ల ఎక్కిస్త. తొందర లేదు, ఎవ్వరు రారు. చెవులకు అందే సప్పుడు తగ్గుకుంట పోతున్నది, డాక్టరు రాసినట్టే. పని ఉన్నోళ్లు నన్ను పేరు పెట్టి పిలుచుడు బందు చేసిండ్రు, దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేస్తరు. మొదట్ల ఉలిక్కిపడేదాన్ని. ఇప్పుడు సాయంత్రం బస్సుల కూసున్నంక, ఇయ్యాల ఎవరన్న భుజం మీద చెయ్యి వేసిండ్రా, వెయ్యలేదా అని యాదికి తెచ్చుకుంట.